బ్రేకు మెత్తబడితే డిస్కులే మార్చాలా?

కారు కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల: హార్స్‌పవర్ పెంచడం ఎలా? ట్రాక్ మీద కొత్తగా నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చోవడం నా పని. అక్కడ కూర్చుని చూస్తే ఇంజిను చాలక ఇబ్బంది పడే కారు అరుదుగా కనిపిస్తుంది. టైర్లు అరిగినవి, బ్రేక్ ఆయిల్ పాతబడినవి, స్టీరింగ్ పట్టుకోవడం తెలియని చేతులు మాత్రం ప్రతిసారీ ఉంటాయి. అందుకని ప్రశ్నల వరుస నేనే మార్చాను. పవర్ కావాలన్నవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడం, ఈమధ్యే మొదటిసారి ట్రాక్ డేకి (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) వెళ్లాను. మొదటి మూడు ల్యాపులు అదిరిపోయాయి. నాలుగో ల్యాపులో స్ట్రెయిట్ చివర బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందికి వెళ్లిపోయింది. గబగబా పంప్ చేస్తే కాస్త పట్టింది. అరగంట ఆగాక అంతా మామూలే. చిల్లుల డిస్కులు, పెద్ద క్యాలిపర్లు (డిస్కుని ప్యాడ్లతో నొక్కిపట్టే భాగాలు) వేయించమని స్నేహితుడు అంటున్నాడు. వేయించనా?

జవాబు: ఇప్పుడే వద్దు. పెడల్ మెత్తబడింది, పంప్ చేస్తే తిరిగొచ్చింది, చల్లారాక బాగైంది అని మీరే రాశారు. ఈ మూడూ కలిసి కనిపిస్తే మొదట అనుమానించాల్సింది బ్రేక్ ఆయిల్‌ని. అది మరిగింది.

లెక్క చూడండి. 1300 కిలోల కారుని గంటకు 140 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గిస్తే దాదాపు 800 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. గది వేడిమిలో ఉన్న రెండు లీటర్లకు పైగా నీళ్లను మరిగించడానికి ఆ వేడి సరిపోతుంది. అది కొద్ది సెకన్లలో నాలుగు డిస్కుల్లోకి, అందులోనూ ఎక్కువగా ముందు రెండింటిలోకి వెళ్తుంది. ల్యాపులో అలాంటి బ్రేకింగులు నాలుగైదు ఉంటే డిస్కు చల్లారే సందే దొరకదు. వేడి ప్యాడ్‌లోకి, అక్కణ్నుంచి క్యాలిపర్ పిస్టన్‌లోకి, చివరికి ఆయిల్‌లోకి పాకుతుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కినా కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోయింది, ప్యాడ్ దాకా చేరలేదు.

ఇంకో సంగతి. మామూలు బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం, గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 గ్రేడు ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180. ట్రాక్ కోసం తయారుచేసే ఆయిల్స్‌లో కొత్తగా ఉన్నప్పుడు 300 దాటినా మరగనివి ఉన్నాయి, కానీ వాటిని తరచుగా మార్చుకోవాలి. మీ కారులో ఆయిల్ ఎప్పుడు మార్చారో రాయలేదు. రెండేళ్లు దాటి ఉంటే నాకు ఆశ్చర్యం లేదు. కొత్తది పోయించి నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయించండి. డాట్ 5 అని రాసిన డబ్బా మాత్రం ముట్టుకోకండి. అది సిలికాన్ రకం, మీ సిస్టంలో కలవదు. 5.1కీ 5కీ అంకెలో తేడా చిన్నదే గానీ అవి వేర్వేరు ద్రవాలు.

పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు ఆగకపోతే ఆ జబ్బు వేరు. అప్పుడు వేడికి లొంగిపోయినవి ప్యాడ్లు. దానికి ఎక్కువ వేడిని తట్టుకునే ప్యాడ్లు వేసుకోవాలి. కాకపోతే అచ్చంగా రేసు కోసం చేసినవి చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరినప్పుడు అవే ప్రమాదం. వీధికీ ట్రాక్‌కీ మధ్యరకం చూసుకోండి. కొత్త ప్యాడ్లు వేశాక పూర్తిగా ఆపకుండా కొన్నిసార్లు గట్టిగా వేగం తగ్గించి, తర్వాత బ్రేకు ముట్టకుండా చల్లారేదాకా నడపాలి. ఆ పని ఎగ్గొట్టి నేరుగా ట్రాక్‌కి తెచ్చేవాళ్లే ఎక్కువ.

చిల్లుల డిస్కుల మీద నాకు మొదట్నుంచీ గుర్రే. చూడ్డానికి బాగుంటాయి, వానలో కాస్త మేలేమో. కానీ చిల్లు పడిన చోట వేడిని దాచుకునే ఇనుము తగ్గింది, పగులు మొదలయ్యే అంచు పెరిగింది. పెద్ద డిస్కుల వల్ల వేడిని తట్టుకునే ఓపిక పెరుగుతుంది, అది నిజం. ఒక్కసారి గట్టిగా తొక్కితే ఆగే దూరం మాత్రం తగ్గదు. ఇప్పుడున్న బ్రేకుతోనే ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తోందంటే టైరు పట్టు అక్కడితో అయిపోయినట్టే, ఆపైన ఎంత పెద్ద క్యాలిపర్ పెట్టినా లాభం లేదు.

ప్రశ్న: ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్ నాది. మలుపులో స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు బయటికే పోతుంది. ముందు గట్టి యాంటీ రోల్ బార్ (మలుపులో బాడీ ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలని కలిపే కడ్డీ) వేస్తే సరిపోతుందా?

జవాబు: ఇంకా పోతుంది. ముందుగానీ వెనకగానీ, బార్ మందం పెంచిన జతలో బయటి టైరు మీద భారం ఎక్కువవుతుంది, ఆ జత చక్రాల మొత్తం పట్టు తగ్గుతుంది. సాధారణంగా ఇలాంటి కార్లకి గట్టిపరచేది వెనక బార్‌ని. దానికి చెయ్యి పెట్టేముందు మీ చేతులూ కాళ్లూ చూద్దాం.

"స్టీరింగ్ ఎంత తిప్పినా" అన్నారు కదా, పక్క సీట్లోంచి నేను రోజూ చూసేది అదే. ముందు టైరు కొన్ని డిగ్రీల జారుడు కోణం (టైరు చూసే దిశకీ అది నిజంగా వెళ్లే దిశకీ తేడా) వరకు పట్టు పెంచుకుంటూ పోతుంది. ఆ హద్దు దాటాక ఇంకా తిప్పితే పట్టు పెరగకపోగా తగ్గుతుంది. మీ చేతికి అది తెలుస్తుంది కూడా: అప్పటిదాకా బరువుగా ఉన్న స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. అప్పుడు ఇంకొంచెం తిప్పాలనిపిస్తుంది. చెయ్యాల్సింది రివర్సు: కొద్దిగా సడలించండి, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తేలిక చేయండి. టైరు మళ్లీ నేలని పట్టుకుంటుంది. కాలు ఒక్కసారిగా ఎత్తేయొద్దు. బరువంతా ముందుకి వచ్చి వెనక చక్రాలు తేలికై, ఈసారి తోక తిరుగుతుంది.

అసలు తప్పు మలుపుకి ముందే జరుగుతుంది. అదే మలుపులో పది శాతం ఎక్కువ వేగంతో వెళ్లాలంటే టైరు నుంచి 21 శాతం ఎక్కువ పట్టు కావాలి, ఎందుకంటే లెక్క వేగం వర్గంతో నడుస్తుంది. 60 దగ్గర హాయిగా తిరిగే కారు 66 దగ్గర మొండికేసేది అందుకే. స్ట్రెయిట్‌లోనే బ్రేకు పని చాలావరకు ముగించండి. మలుపులోకి తిప్పుతూ మిగిలిన బ్రేకుని ఠక్కున వదిలేయకుండా మెల్లమెల్లగా వదలండి. పెడల్ మీద ఆ చివరి ఒత్తిడి ఉన్నంతసేపూ ముందు చక్రాల మీద బరువు నిలుస్తుంది, ముక్కు మాట వింటుంది. టైరుకున్న పట్టు ఒకటే. బ్రేకుకి ఎంత వాడుకుంటే తిరగడానికి అంత తక్కువ మిగులుతుంది. అందుకే ఒకటి పెరిగేకొద్దీ ఇంకొకటి తగ్గాలి. బయటికొచ్చేటప్పుడు యాక్సిలరేటర్ కూడా అంతే, స్టీరింగ్ తిన్నబడేకొద్దీ కాలు పెంచండి.

చూపు గురించి ఒక్క మాట. ముక్కు జారుతుంటే కళ్లు బయటి అంచుకి అతుక్కుపోతాయి, చేతులు వాటి వెంటే పోతాయి. మెడ తిప్పి మలుపు లోపలి అంచుని, దాని తర్వాత బయటికొచ్చే చోటుని చూడండి. ఇది రాయడానికి తేలిక. మెడ తిప్పమని పక్క సీట్లోంచి నేను ఎంత అరిచినా మొదటి గంటలో ఎవరూ తిప్పరు.

ఇవన్నీ చేశాక కూడా ముక్కు జారితే టైర్లు, అలైన్‌మెంట్ చూడండి. ముందు చక్రాలకి కొంచెం నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) పెంచితే పెద్ద తేడా కనిపిస్తుంది. బార్ ఆ తర్వాత.

ప్రశ్న: 205/55 ఆర్16 టైర్లున్నాయి. 18 అంగుళాల అల్లాయ్స్ వేస్తే గ్రిప్ పెరుగుతుందా?

జవాబు: చక్రం సైజుతో గ్రిప్ పెరగదు, టైరు రబ్బరుతో పెరుగుతుంది. మీ టైరు (205 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 55 శాతం పక్కగోడ, 16 అంగుళాల రిమ్ము) మొత్తం ఎత్తు దాదాపు 632 మిల్లీమీటర్లు. 225/40 ఆర్18 వేస్తే 637, స్పీడోమీటర్‌కి ఒక శాతం లోపే తేడా. ఆ వరకు ఫర్వాలేదు. పక్కగోడ మాత్రం 113 నుంచి 90 మిల్లీమీటర్లకి తగ్గుతుంది. స్టీరింగ్ చురుగ్గా అనిపిస్తుంది, గుంతలో పడితే రిమ్ము వంగే అవకాశమూ పెరుగుతుంది. 18 అంగుళాల చవకరకం అల్లాయ్ మీ 16 కన్నా బరువుంటే సస్పెన్షన్‌కి మోయలేని చాకిరీ. అదే డబ్బుతో 16లోనే మంచి రకం టైర్లు నాలుగు కొనండి, నాలుగూ ఒకే రకం. పక్కగోడ మీద తయారీ అంకెలు చూడండి: 2324 అంటే 2024లో 23వ వారం. పాత సరుకు అంటగడితే తిరిగిచ్చేయండి.

ప్రశ్న: అమ్మా, నేను కార్ల మనిషిని కాను. మా అబ్బాయి స్ప్రింగులు కోయించి కారు కిందికి దించాడు. ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ వస్తే నా నడుం విరుగుతోంది. రేసు కార్లు ఇలాగే ఉంటాయంటాడు. నిజమేనా?

జవాబు: మీ నడుం చెప్పేదే నిజం, సార్. రేసు కారు కిందికుండేది దాని స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, కింది ఆర్ములు అన్నీ ఆ ఎత్తుకే కుదిర్చి చేసినందువల్ల. కోసిన స్ప్రింగులో చుట్లు తగ్గి గట్టిపడుతుంది, షాక్ అబ్జార్బర్ మాత్రం పాత స్ప్రింగుకి చేసిందే. పైకీ కిందికీ కదిలే చోటు తగ్గి, చిన్న గుంతకే బంప్ స్టాప్ (సస్పెన్షన్ కదలికని చివర్లో ఆపే రబ్బరు దిమ్మ) తగిలి దడేల్‌మంటుంది. మలుపు మధ్యలో అలా తగిలితే ఆ చక్రం పట్టు ఒక్కసారిగా పోతుంది. చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు తన కుదురులోంచి తప్పుకునే ప్రమాదమూ ఉంది.

అబ్బాయి కోసం ఇంకో ముక్క. ముందు మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే కాలుగా ఉండే సస్పెన్షన్) ఉన్న కారుని మరీ దించితే కింది ఆర్ము కోణం మారుతుంది, బాడీ దిగిన దానికన్నా రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువ దిగుతుంది. మలుపులో బాడీని ఒరగదోసే బలం అప్పుడు తగ్గకపోగా పెరగొచ్చు. ఈ పేరా అతనికి చదివి వినిపించండి. కంపెనీ స్ప్రింగులు తిరిగి వేయించే దాకా మీరు వెనక సీట్లో కూర్చోకండి.

ప్రశ్న: టర్బో పెట్రోల్, 120 హార్స్‌పవర్. రీమ్యాప్ చేసి (ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చి) 150 ఇస్తామంటున్నారు. చేయించుకోవచ్చా?

జవాబు: ఇదిగో, మీ వంతు వచ్చింది. అంకె సాధ్యమే. టర్బో ఇంజినులో బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి), ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణం), ఇంధనం మూడూ ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్ చేతిలో ఉంటాయి, కంపెనీ కొంత వెసులుబాటు వదిలిపెడుతుంది. ఆ వెసులుబాటు వేడి రోజుల కోసం, నాసి పెట్రోల్ కోసం, పాతబడిన ప్లగ్గుల కోసం. రీమ్యాప్ దాన్ని తినేస్తుంది.

ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) చిన్నదైతే మూడు నాలుగు ల్యాపులకే లోపలికెళ్లే గాలి వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలి 60 అయితే సాంద్రత దాదాపు 9 శాతం తగ్గుతుంది. నాక్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే పేలడం) మొదలైతే ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతుంది. కాగితం మీది 150 అక్కడ కరిగిపోతుంది. చేయించాలనే ఉంటే ముందూ తర్వాతా ఒకే డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద, ఒకే రోజు కొలిచి చూపించమనండి. నాక్ వల్ల టైమింగ్ ఎంత తగ్గుతోందో, గాలి ఎంత వేడిగా వెళ్తోందో ఈసీయూ నుంచి లాగ్ (నడుస్తుండగా నమోదైన లెక్కలు) తీసి ఇమ్మనండి. ఇవ్వలేనివాడి దగ్గర చేయించొద్దు. తక్కువ ఆర్‌పీఎమ్‌లో టార్క్ (ఇంజిను తిప్పే బలం) ఎంతకి పెంచాడో అడగండి. క్లచ్చునీ గేర్‌బాక్సునీ చంపేది చాలాసార్లు అదే. పై గేర్లో, 1500 ఆర్‌పీఎమ్ దగ్గర ఫుల్లుగా తొక్కే అలవాటుంటే మానుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా చేయించారో, ఏదైనా జరిగితే టెన్షన్ అంతా మీదే.

ప్రశ్న: ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టాక పికప్ పెరిగింది. నిజంగా పెరిగిందా, నా భ్రమా?

జవాబు: శబ్దం పెరిగింది. బోనెట్ కింద వేడి గాలి పీలుస్తుంటే పవర్ తగ్గి కూడా ఉండొచ్చు. ఒరిజినల్ ఫిల్టర్ డబ్బా పారేయకపోతే మళ్లీ బిగించండి.

ప్రశ్న: వచ్చే నెల నా మొదటి ట్రాక్ డే. కారులో ఏమీ మార్చలేదు. ఏం చూసుకోవాలి?

జవాబు: ఏమీ మార్చకపోవడమే మంచిది. కొత్త బ్రేక్ ఆయిల్, సగానికి పైగా ఉన్న ప్యాడ్లు, డిప్‌స్టిక్ పైగీత దాకా ఇంజిన్ ఆయిల్ చాలు. పైగీత దాటించొద్దు. వీల్ నట్లు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్) బిగించండి. సీట్ల కింద వాటర్ బాటిల్ ఒక్కటి కూడా ఉండకూడదు, దొర్లుకుంటూ బ్రేక్ పెడల్ కిందికే వస్తుంది. స్టెప్నీ, జాకీ తీసి పక్కన పెట్టండి. సీటు దగ్గరికి జరుపుకోండి. వీపు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకి తగలాలి, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి.

టైరు 10 డిగ్రీలు వేడెక్కితే గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున 30 ఉన్నది 40 డిగ్రీలు వేడెక్కి వచ్చేసరికి 36 చూపిస్తుంది. పిట్‌లోకి రాగానే కొలిచి, నాలుగింట్లోనూ సమంగా వదలండి. ప్రతి సెషన్ చివరి ల్యాపు బ్రేకు దాదాపు ముట్టకుండా నెమ్మదిగా తిరిగిరండి. ఆపాక బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకోవద్దు, హ్యాండ్ బ్రేక్ వేయొద్దు. కాగిన డిస్కుకి ప్యాడ్ అతుక్కుని మచ్చ పడుతుంది, తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగ్ అదురుతుంది. గేర్లో వదిలి, చక్రానికి అడ్డు పెట్టండి. సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు వీల్ నట్లు మళ్లీ చూసుకుని, వదిలిన గాలి తిరిగి కొట్టించుకోండి.