ఫిజికల్ ఎడ్యుకేషన్ తీసుకుంటే అమ్మాయి చదువు చెడిపోతుందా?

ప్రశ్న: మాది గుంతకల్లు. నేను రైల్వే ఉద్యోగిని. మా అమ్మాయి సీబీఎస్‌ఈ పదో తరగతి పూర్తి చేసింది. పదకొండులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషులతో పాటు ఐదో సబ్జెక్టుగా ఫిజికల్ ఎడ్యుకేషన్ తీసుకుంటానని పట్టుబడుతోంది. మేము కంప్యూటర్ సైన్స్ తీసుకోమంటున్నాము. జిల్లా స్థాయిలో ఖోఖో ఆడింది కానీ, చదువు దెబ్బతింటుందని ఈ వేసవి నుంచి మాన్పించాము. ఆటల చదువు చదివి చివరికి పీఈటీగా, అంటే బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా, మిగిలిపోతుందేమోనని భయంగా ఉంది. రెండు సబ్జెక్టులనూ పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, పోలిక తప్పకుండా చెబుతాను. అయితే మీ ఉత్తరంలో సబ్జెక్టుల మాట కంటే పీఈటీ మాట దగ్గరే అసలు బెంగ కనిపిస్తోంది. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల తల్లిదండ్రులు ఏటా ఈ రోజులలో అడిగేది ఇదే. పిల్ల ఏం చదువుతోందని బంధువులు అడిగితే ఆటలు అని ఎలా చెప్పుకోవాలన్నది వారి సంకటం. ముందు ఆ సంగతి తేల్చుకుందాము. ఏ ఉద్యోగమూ దొరకనివారు పోయి చేరే చోటు కాదు పీఈటీ ఉద్యోగం. స్కూల్ అసిస్టెంటు స్థాయి పోస్టుకు డిగ్రీ చదవాలి, ఆపైన వ్యాయామ విద్యలో రెండేళ్ల బీపీఈడీ చేయాలి, ఆ తరువాత ప్రభుత్వ ఉపాధ్యాయుల నియామక పరీక్ష అయిన డీఎస్సీ కోసం కాచుకుని ఉండాలి. 2018 తరువాత మళ్లీ నియామకాలు పూర్తయిన డీఎస్సీ 2025లోనే వచ్చింది. అన్ని సబ్జెక్టులూ కలిపి 16,347 పోస్టులు. మీరు భయపడుతున్న ఆ ఉద్యోగం వస్తే వీధంతా మిఠాయిలు పంచే కుటుంబాలు మన జిల్లాలలో ఎన్నో ఉన్నాయి.

ఇక పోలిక. మెడిసిన్, నర్సింగ్, ఫిజియోథెరపీ, వ్యవసాయం వంటి చదువుల వైపు వెళ్లే పిల్లకు ప్రవేశాలలో ప్రధానంగా చూసేది ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలనే కాబట్టి, ఐదో సబ్జెక్టు ఏదైనా ఆ దారులు మూసుకుపోవు. కంప్యూటర్ సైన్స్ చదివితే ప్రోగ్రామింగ్ కొంత వస్తుంది. అది తరువాత కూడా నేర్చుకోవచ్చు. మార్కుల విషయానికి వస్తే ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో రాతపరీక్షకు 70, ప్రాక్టికల్స్‌కు 30. ఆమె బయాలజీ వదిలిపెడతానని అని ఉంటే నేనే వద్దనేవాడిని. అలా అనలేదు కదా.

అది మైదానంలో తిరిగి వచ్చే పీరియడ్ అన్న అభిప్రాయం మీకుంటే పన్నెండో తరగతి పుస్తకం ఒకసారి తెరవండి. మొదటి పాఠమే పోటీల నిర్వహణ: పదకొండు జట్లతో నాకౌట్ పోటీ పెడితే ఎన్ని మ్యాచ్‌లు, ఎన్ని జట్లకు బై ఇవ్వాలి (అంటే ఆడకుండానే తరువాతి రౌండుకు పంపాలి), తొమ్మిది జట్లు ఒకరితో ఒకరు ఆడే లీగ్ అయితే ఎన్ని మ్యాచ్‌లు అని అడుగుతారు. మొదటిదానికి జవాబు పది మ్యాచ్‌లు, ఐదు బైలు. రెండవదానికి ముప్పై ఆరు మ్యాచ్‌లు. జవాబు మాత్రం చెబితే సరిపోదు, పట్టిక గీసి చూపించాలి. శరీర కదలికలను వివరించే బయోమెకానిక్స్ పాఠంలో న్యూటన్ సూత్రాలు, విసిరిన వస్తువు కదిలే తీరును చెప్పే ప్రక్షేపక చలనం వస్తాయి. షాట్‌పుట్‌లో ఇనుప గుండు భుజం ఎత్తు నుంచి బయలుదేరుతుంది కాబట్టి, ఫిజిక్స్ పుస్తకంలోని 45 డిగ్రీల కంటే కొంచెం తక్కువ కోణంలో విసిరినప్పుడే ఎక్కువ దూరం పోతుందని ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్న పిల్లకు త్వరగా అర్థమవుతుంది. వృద్ధుల శారీరక సామర్థ్యాన్ని కొలిచే రిక్లీ జోన్స్ పరీక్ష కూడా పాఠంలో ఉంది. మీ ఇంట్లో అవ్వ ఉంటే, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఎదపై కట్టుకోమని చెప్పి, 30 సెకన్లలో ఎన్నిసార్లు నిటారుగా లేచి నిలబడగలదో మీ అమ్మాయి లెక్కపెడుతుంది. రేపు ఫిజియోథెరపీ చదివితే ఇదే పని రోగులతో చేయవలసి ఉంటుంది.

నా సందేహాలన్నీ ఈ సబ్జెక్టు మీద కాదు, దీని పేరు చెప్పి అమ్ముతున్న డిగ్రీల మీద. బెంగళూరు మనకు దగ్గర కావడంతో అక్కడి ప్రైవేటు విశ్వవిద్యాలయాల స్పోర్ట్స్ సైన్స్, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్, స్పోర్ట్స్ అనలిటిక్స్ కోర్సుల బ్రోచర్లు గుంతకల్లు దాకా వస్తున్నాయి. వాటి అట్ట మీద క్రికెటర్ల బొమ్మలుంటాయి, లోపల జీతాల అంకెలుంటాయి, ఆ జీతాలు ఎవరికి వచ్చాయో మాత్రం ఉండదు. పెద్ద జట్లలో ఆ పనులు చేసేవారు ఎక్కువగా ఫిజియోథెరపీ, స్టాటిస్టిక్స్, వ్యాయామ శరీరశాస్త్రం వంటివి లోతుగా, పీజీ దాకా చదివినవారు. మూడేళ్ల కోర్సు చేసి జిమ్‌లో ట్రైనర్‌గా చేరినవారిని నేను చూశాను. ఆ పని చిన్నదని అనను. దానికి అన్ని లక్షల ఫీజు అక్కరలేదంటాను. చేర్చదలిస్తే ముందు వెళ్లి ప్రయోగశాల చూపించమనండి. పరుగెత్తేటప్పుడు ఊపిరిలోని ఆక్సిజన్‌ను కొలిచే పరికరం, కాలు నేలను ఎంత బలంతో తాకుతోందో కొలిచే ఫోర్స్ ప్లేటు ఉన్నాయా, వాటిని విద్యార్థులు ముట్టుకుంటున్నారా అని అడగండి. ఆ పక్కనే 1957లో మొదలైన గ్వాలియర్ లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ, 2018 చట్టంతో ఏర్పడిన ఇంఫాల్ జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం వంటి ప్రభుత్వ సంస్థల వివరాలు కూడా పెట్టుకుని చూడండి.

ఇప్పుడు మీకు రుచించని మాట ఒకటి చెప్పాలి. ఏ సబ్జెక్టు తీసుకోవాలా అని ఇంతగా తర్జనభర్జన పడుతున్న మీరు, అసలు దారి తెరిచే ఆటను మాత్రం ఒక్కమాటతో మాన్పించారు. మీరు రైల్వేలోనే ఉన్నారు. స్పోర్ట్స్ కోటాలో వచ్చిన మీ సహోద్యోగులలో ఎవరినైనా పదకొండో తరగతిలో ఫిజికల్ ఎడ్యుకేషన్ మార్కులెన్ని అని అడిగారా? అక్కడ చూసేది గుర్తింపు పొందిన పోటీలలో సాధించిన స్థానాన్ని. జిల్లా స్థాయి సర్టిఫికెట్ దానికి చాలదు, అంతకంటే పైకి వెళ్లాలంటే ఆడాలి. బీపీఈడీ ప్రవేశానికి జరిగే పీసెట్‌లో రాతపరీక్షే లేదు. పరుగు, గుండు విసరడం, దూకడం, ఒక ఆటలో నైపుణ్యం చూస్తారు. మధ్యలో అయిదారేళ్లు ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లను ఆ ట్రాక్ మీద నిలబెడితే ఏమవుతుందో ఆలోచించండి.

2025లో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన భారతజట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉండడంతో క్రికెట్ కోచింగ్‌కు వేలు కట్టే తండ్రులు పెరిగారు. మంచిదే. అదే సంవత్సరం జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్‌నూ మన దేశపు అమ్మాయిలే గెలిచారు. దానికి మన ఊళ్లలో అంత సందడి జరగలేదు. మీ అమ్మాయి భారతజట్టుకు ఆడుతుందని నేను చెప్పడం లేదు, ఆ ఆశ పెట్టుకోమనడమూ లేదు. సాయంత్రం గంటన్నర ఆడే పిల్ల చదువులో వెనుకబడుతుందన్న మాటకు ఆధారం మాత్రం ఆమె పదో తరగతి మార్కుల పత్రంలో ఉందేమో మీరే చూడండి. ఉంటే వేళలు సర్దండి.

సబ్జెక్టు తీసుకోనివ్వండి. ఫారం మీద సంతకం పెట్టే ముందు పాఠశాలకు వెళ్లి రెండు విషయాలు కనుక్కోండి: ఆ పాఠాలు చెప్పేందుకు వ్యాయామ విద్యలో అర్హత ఉన్న ఉపాధ్యాయుడు ఉన్నారా, ఆ పీరియడ్లను పరీక్షల ముందు ఫిజిక్స్ మాస్టారికి ఇచ్చేస్తారా అని. రెండవదానికి అవునంటే, ఆ పాఠశాలలో ఈ సబ్జెక్టు పేరుకే ఉంటుంది. అప్పుడు మీ అమ్మాయినే కూర్చోబెట్టుకుని, కంప్యూటర్ సైన్స్ తీసుకుని సాయంత్రాలు ఖోఖో ఆడడం ఇష్టమేనా అని అడగండి.