ముందు గెంతు కుదరాలి, బొమ్మలు తర్వాత

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కోటలోంచి తప్పించుకునే గూఢచారి కథతో టూడీ ఆట చేయాలని నాలుగు నెలలుగా కూర్చున్నాను. బురుజులు, సొరంగాలు, పదకొండు గదుల బొమ్మలు గీశాను గానీ, ఆడి చూపించడానికి ఒక్క గది కూడా లేదు. గోడో ఇంజిన్‌లో (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) నమూనా త్వరగా తయారు చేసే దారి చెప్పగలరా?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మీరు గీసిన పదకొండు గదుల్లో ఎన్నింటిని ఆ గూఢచారి దాటగలడో మీకే ఇంకా తెలియదు; చిక్కంతా అక్కడే ఉంది. ఆ బొమ్మలను ఒక ఫోల్డర్‌లో పెట్టి, వారం రోజులు వాటి జోలికి వెళ్లకండి.

కొత్త ప్రాజెక్టులో క్యారెక్టర్‌బాడీ2డి నోడ్‌కు (ఆటలో కదిలే పాత్రగా పనిచేసే భాగానికి) స్క్రిప్ట్, అంటే కోడ్, జతచేసేటప్పుడు, ఇంజిన్ సిద్ధంగా ఇచ్చే మూసను ఎంచుకుంటే నడక, గెంతు రెండూ అందులోనే రాసి ఉంటాయి. నడక వేగం సెకనుకు 300 పిక్సెళ్లు, గెంతే వేగం 400, ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో గురుత్వం 980. ఇక మిగిలింది ఇంటర్ ఫిజిక్సే: 400 వర్గాన్ని 980కి రెట్టింపుతో భాగిస్తే గెంతు ఎత్తు సుమారు 82 పిక్సెళ్లు వస్తుంది. టైల్, అంటే గదిని పరిచే ఒక్కో చదరం, 32 పిక్సెళ్లయితే మీ గూఢచారి రెండు టైళ్ల గట్టు ఎక్కగలడు, మూడు టైళ్ల గోడ ఎక్కలేడు. గాలిలో ఉండేది 0.82 సెకను, ఆలోగా అడ్డంగా సాగేది 245 పిక్సెళ్లు, అంటే ఏడున్నర టైళ్లు. ఏడు టైళ్ల కందకం లెక్క ప్రకారం దాటదగినదే అయినా, సరిగ్గా అంచు మీదే మీట నొక్కాల్సి వస్తుంది కాబట్టి కొత్తవాడు పదిసార్లు పడతాడు. ఐదు టైళ్లతో మొదలుపెట్టండి.

ఇప్పుడు నేలకు బూడిద రంగు, ముళ్లకు ఎరుపు, ద్వారానికి ఆకుపచ్చ – ఈ మూడు చదరాలతోనే టైల్‌మ్యాప్‌లో ఒకే ఒక్క గదిని మౌస్‌తో పరిచి, ఎఫ్5 నొక్కి ఆడండి. నచ్చని గట్టును చెరిపి మళ్లీ ఆడండి. సాయంత్రానికి ఒక మిత్రుణ్ణి కూర్చోబెట్టి, మీరు నోరు విప్పకుండా చూడండి. (ఇదే అన్నిటికంటే కష్టం.) అతడు అంచు దాటిన మరుక్షణం మీట నొక్కి, కింద పడి, "నొక్కాను కదా!" అంటాడు. కాళ్ల కింద నేల లేదు గనుక కోడ్ గెంతనివ్వలేదు. న్యాయం మాత్రం అతడి పక్షానే ఉంది. అంచు వదిలాక కూడా సెకనులో పదో వంతు వరకు గెంతు చెల్లేలా చేయండి. కార్టూన్‌లో కొండ అంచు దాటాక కూడా గాలిలో పరిగెత్తే జంతువు పేరు మీద దీన్ని కయోటీ టైమ్ అంటారు. ఎంత అందమైన బురుజు గీసినా ఈ లోపం బయటపడేది కాదు.

ఆ గదిలో ఆట రుచించకపోతే, కోడ్‌తో సహా పారేయడానికి వెనుకాడవద్దు. 2005లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు, ఒక్కో ఆటను ఒక్కరే ఏడు రోజుల్లోపు ముగించాలనే నియమంతో ఒక్క సెమిస్టర్‌లో 50కి పైగా ఆటలు చేశారు. వాటిలో చాలావరకు అక్కడే ఆగిపోయాయి. టవర్ ఆఫ్ గూ అనేది మాత్రం 2008లో వరల్డ్ ఆఫ్ గూగా పూర్తిస్థాయి ఆటై వచ్చింది.

ప్రశ్న: రెడీమేడ్ ఇంజిన్‌తో చేసిన ఆటను సొంత ఆట అని చెప్పుకోవచ్చా? అమ్ముకుంటే ఎవరికైనా వాటా ఇవ్వాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: నిస్సందేహంగా చెప్పుకోవచ్చు. కౌంటర్-స్ట్రైక్ అనే కంప్యూటర్ ఆట 1999లో మొదలైంది హాఫ్-లైఫ్ అనే ఆటకు మార్పుగానే. ఆ హాఫ్-లైఫ్ ఇంజిన్ కూడా క్వేక్ అనే మరో ఆట ఇంజిన్‌ను మార్చి కట్టినదే. దాన్ని ఎవరూ అరువు ఆట అనలేదు. వాటా సంగతి ఇంజిన్‌ను బట్టి మారుతుంది. గోడోది ఎంఐటీ అనే స్వేచ్ఛా లైసెన్సు గనుక రాయల్టీ ఉండదు, ఆటతో పాటు ఆ లైసెన్సు పాఠాన్ని చేరిస్తే చాలు. అయితే నెట్‌లో దొరికిన బొమ్మలకూ శబ్దాలకూ విడివిడిగా షరతులుంటాయి. నమూనాలో తాత్కాలికంగా పెట్టిన సంగీతం అమ్మకపు ప్రతిలో మిగిలిపోకుండా మొదటి రోజు నుంచే వేరే ఫోల్డర్‌లో ఉంచండి.