హాట్ టబ్ కొనడం సరే, మేపేదెవరు?

ప్రశ్న: మాది తిరుపతి. నేను, మా వారు ఇద్దరం ప్రైవేటు ఉద్యోగులం. ఇద్దరికీ కలిపి నెలకు 1.40 లక్షలు చేతికొస్తుంది. హౌసింగ్ లోన్ ఈఎంఐ 32 వేలు, ఇంటి ఖర్చు 60 వేలు, పాప ఇంజనీరింగ్ కోసం సిప్ 25 వేలు. బ్యాంకులో 2.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. కరెంటు నెలకు 320 యూనిట్ల దాకా కాలుతుంది. మా వారు నెలనెలా అలిపిరి మెట్ల దారిలో కొండకు నడిచి వెళ్తారు. మర్నాడు పిక్కలు పట్టేసి మంచం దిగలేరు. ఒక రిసార్టులో హాట్ టబ్‌లో, అదే వేడి నీళ్ల తొట్టిలో, కూర్చుని వచ్చినప్పటి నుంచి ఇంట్లో పెట్టించుకుందామని ఒకటే పట్టు. మిద్దె మీద పెట్టుకోవడానికి ఐదుగురు పట్టే టబ్‌కు 4.5 లక్షలు చెప్పారు. 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ వస్తుందట. 10 వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. కొనొచ్చా?

జవాబు: లోన్ సంగతి ముందు తేల్చేద్దాం. 4.5 లక్షలకు 14 శాతం చొప్పున 36 నెలల ఈఎంఐ సుమారు 15,380 అవుతుంది. మొత్తం కట్టేది 5.54 లక్షలు, అంటే వడ్డీయే లక్ష పైన. ఇప్పుడు అన్నీ పోను మీకు నెలకు 23 వేలు మిగులుతోంది, అది ఏడున్నర వేలకు పడిపోతుంది. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి మీకు నెలకు 92 వేలు కావాలి. మీ ఎఫ్‌డీ మూడు నెలలకు కూడా చాలదు. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు. ఈ పరిస్థితిలో సరదా వస్తువుకు పర్సనల్ లోన్ వద్దనే చెబుతాను.

ఇక టబ్ సంగతి. మన చిత్తూరు వైపు పాడి ఆవును కొనేవాళ్లు రేటు అడిగే ముందే ఇంట్లో మేత ఎంతుందో చూసుకుంటారు. మీరు రేటు దగ్గరే ఆగిపోయారు.

దాని మేతలో మొదటిది కరెంటు. వెయ్యి లీటర్ల నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 1.16 యూనిట్లు కాలుతుంది. ఐదుగురి టబ్‌లో 1,200 లీటర్లు పడతాయనుకుందాం. డిసెంబరులో 26 డిగ్రీలున్న నీళ్లను 38కి తేవాలంటే దాదాపు 17 యూనిట్లు. 3 కిలోవాట్ల హీటరైతే ఆరు గంటల పని. అలా వేడిగానే ఉంచేస్తే, మూత బిగువుగా ఉన్నా రోజుకు 5 యూనిట్లు అనుకోండి, నెలకు 150. మీ 320కి ఇవి కలిస్తే 400 దాటుతారు. 226 నుంచి 400 వరకు యూనిట్ 8.75, ఆపైన 9.75. అంటే టబ్‌కే నెలకు దాదాపు 1,400, సర్దుబాటు చార్జీలు వేరే. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు మన ఊళ్లోనే ఉంది కదా అని స్లాబులో ఏమీ తగ్గించరు!

వారాంతంలోనే వాడితే ఖర్చు బాగా తగ్గుతుంది. శనివారం మధ్యాహ్నం ఆన్ చేసి సాయంత్రం దిగండి, ఆదివారం రాత్రి ఆపేయండి. నెలకు 80 యూనిట్లలోపు సరిపెట్టుకోవచ్చు, 400 కూడా దాటరు, ఖర్చు 700.

రెండోది నీళ్లు. మా ఇంట్లో గీజర్ వేడెక్కడం లేదంటే మొన్న ప్లంబర్ రాడ్డు బయటికి లాగి చూపించాడు. వేలెడు రాడ్డు మీద తెల్లగా, గరుకుగా, సుద్దముక్క చుట్టినట్టు సున్నం పేరుకుంది. స్క్రూడ్రైవర్‌తో తడితే పెళ్లలు పెళ్లలుగా రాలింది. పెట్టించి రెండేళ్లు కూడా కాలేదు. మీదీ బోరు నీళ్లే అయితే టబ్ హీటర్‌కూ అదే గతి. కొనే ముందు ఒక బాటిల్ నీళ్లు ల్యాబ్‌లో ఇచ్చి హార్డ్‌నెస్ చూపించుకోండి, తక్కువ ఖర్చులో అయిపోతుంది. నీళ్లు మూడు నాలుగు నెలలకోసారి మొత్తం మార్చాలి. ఎండాకాలం ట్యాంకర్ పిలిచే ఇంట్లో 1,200 లీటర్లు తూముకు వదలాలంటే ప్రాణం ఒప్పదు. క్లోరిన్ వేయడం ఆపి, మూత తీసి రెండు మూడు రోజులుంచి, టెస్ట్ స్ట్రిప్‌తో క్లోరిన్ పోయిందని చూసుకుని వరండా కడగడానికి వాడుకోండి.

మూడోది చాకిరీ. ఈ మాట అమ్మేవాళ్లు ఎత్తరు. వారానికి రెండు మూడుసార్లు టెస్ట్ స్ట్రిప్ ముంచి పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉందా, క్లోరిన్ 3 పీపీఎం కంటే తగ్గిందా అని చూడాలి. వారానికోసారి ఫిల్టర్ తీసి కడగాలి. వేడి నీళ్లలో క్లోరిన్ త్వరగా ఖర్చయిపోతుంది, తగ్గితే క్రిములు చేరి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. పైగా తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు చుట్టాల సంగతి నేను చెప్పాలా? 3,550 మెట్లెక్కి దర్శనం చేసుకుని వచ్చిన బంధువులు ఆరుగురు, 'వదినా, టబ్ ఉందటగా' అంటూ నూనె రాసుకున్న తలలతోనే దిగుతారు. ఆ రాత్రి నీళ్లను బాగుచేసే పని మీదే. ఇంట్లో ఈ పని ఎవరి పేరు మీద ఉంటుందో ఇప్పుడే తేల్చుకోండి. మీ ఉత్తరం తీరు చూస్తే కోరిక మీ వారిది, ఫిల్టర్ కడిగే చేయి మీది అవుతుందేమోనని నా అనుమానం.

మిద్దె మీద మాత్రం వద్దు. 1,200 కిలోల నీళ్లు, టబ్ బరువు 250, నలుగురు మనుషులు మరో 260. మొత్తం 1,700 కిలోలు, అదీ రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు చోటులో. అంటే చదరపు మీటరుకు 425 కిలోలు. ఇళ్ల స్లాబును మామూలుగా 200 కిలోలకు లెక్కకట్టి వేస్తారు, మిద్దె మీద అంతకంటే తక్కువకే. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సంతకం పెట్టిన కాగితం లేకుండా పైకి ఎక్కించకండి. నేల మీద పెట్టినా హీటర్‌కు విడిగా లైను, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్, మీటరు లోడ్ పెంచుకోవడం తప్పవు. ఆ ఖర్చు మీకు చెప్పిన 4.5 లక్షల్లో ఉందో లేదో అడిగారా?

ఇప్పుడు అసలు లెక్క. టబ్ పదేళ్లు మన్నిందనుకున్నా ఏడాదికి 45 వేలు. లోన్ వడ్డీని పదేళ్లకు పంచితే మరో 10 వేలు. మందులు, ఫిల్టర్లు, చిన్నాచితకా రిపేర్లకు నా అంచనా 15 వేలు, చలికాలం నాలుగు నెలల వారాంతాలకు కరెంటు 3 వేలు. మొత్తం 73 వేలు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండలో వేడి నీళ్లలో ఎవరు కూర్చుంటారు? నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వారానికి రెండుసార్లు వాడినా 34 సార్లు. అంటే దిగిన ప్రతిసారీ దాదాపు 2,150 రూపాయలు. ఈ అంకె మీ వారికి చూపించండి.

అయినా కావాలంటే కాదనను. మనిషికి సరదాలుండాలి. అయితే వరుస మార్చండి. ముందు 3 కిలోవాట్ల సోలార్ పెట్టించండి. పీఎం సూర్యఘర్ కింద 78 వేల సబ్సిడీ వస్తుంది, రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి, బ్యాంకు లోన్ వడ్డీ కూడా పర్సనల్ లోన్ కంటే తక్కువ. ఇప్పుడున్న బిల్లు దాదాపుగా పోతుంది. ఆ మిగులు ఎఫ్‌డీలో చేరి, ఆరు నెలల ఖర్చుకు సరిపడా, అంటే 5.5 లక్షలకు పెరగాలి. ఆ తర్వాత, కట్టాలనుకున్న 15,380నే ఆర్‌డీలో వేయండి. 6.5 శాతం వడ్డీ ఉంటే 27 నెలల్లో దాదాపు 4.48 లక్షలు చేతికొస్తాయి. అప్పటికీ కోరిక తగ్గకపోతే ఇద్దరు ముగ్గురు పట్టే 800 లీటర్ల టబ్ చాలు, పోర్టికో పక్కన నేల మీద. ఎండాకాలం హీటర్ ఆపేసి చల్లటి నీళ్లలో కూర్చోవచ్చు, అప్పుడు వాడకం లెక్క మారుతుంది.

మీ వారికి ఒక మాట. కొండ దిగి వచ్చిన వెంటనే వేడి నీళ్లలో దిగొద్దు. ముందు నీళ్లు తాగి, కాసేపు కూర్చుని, 40 డిగ్రీలు మించని నీళ్లలో పావుగంట చాలు. బీపీ మాత్రలు వాడుతుంటే డాక్టరును అడగాలి. అందాకా స్టూలు మీద కూర్చుని బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టుకోమనండి.

అడ్వాన్సు మాటకొస్తే, రసీదు తీసి చూడండి. తిరిగి ఇవ్వం అని రాసి లేకపోతే రేపే ఆర్డరు రద్దు చేస్తున్నామని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, ఫోన్లో చెప్పి ఊరుకోకండి. ఒకవేళ ఇవ్వకపోయినా పోయేది 10 వేలే, అది పోయిందని మిగతా 4.4 లక్షలు కట్టనక్కర్లేదు.