రివాల్వర్ షాట్లు కిందికి, ఎడమకి పోతుంటే ఫోర్‌సైట్ రుద్దించాలా?

భీమవరం నుంచి ఒకరు అడిగారు: లైసెన్స్ ఉన్న పాయింట్ 32 రివాల్వర్, 10 మీటర్ల దూరంలో షాట్లన్నీ గురికి కింద, కొంచెం ఎడమకి పడుతున్నాయి. బ్యారెల్ మొన మీద గురి చూసే చిన్న బ్లేడుని, అంటే ఫోర్‌సైట్‌ని, ఆకురాయితో రుద్దిస్తే చాలా, కొత్తది వేయించాలా అని.

ఇప్పుడే రుద్దించకండి. సరిగ్గా ఇదే తేడా నా రివాల్వర్‌కీ ఉండేది. తొందరపడి రుద్దించి, తర్వాత చాలా బాధపడ్డాను.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. రొయ్యల లావాదేవీల్లో డబ్బు పట్టుకుని రాత్రిపూట తిరగాల్సి వచ్చేది, అందుకే లైసెన్స్ తీసుకున్నాను. మొదటిసారి షూటింగ్ రేంజ్‌లో ఆరు తూటాలు కాలిస్తే అన్నీ నల్లచుక్కకి 8 సెంటీమీటర్లు కింద, 5 సెంటీమీటర్లు ఎడమకి పడ్డాయి. రిపేరుకిస్తే అక్కడి మనిషి ఒక్క తూటా కూడా కాల్చి చూడలేదు. నేను చెప్పిన మాట పట్టుకుని ఫోర్‌సైట్‌ని దాదాపు ఒక మిల్లీమీటరు అరగదీసి ఇచ్చేశాడు.

లెక్క వరకు అతను చేసింది కరెక్టే. బ్యాక్‌సైట్‌ని, అంటే కంటివైపు ఉండే గాడిని, షాట్ ఎటు వెళ్లాలో అటు జరపాలి, ఫోర్‌సైట్‌ని దానికి ఎదురు. షాట్ కింద పడుతుంటే ఫోర్‌సైట్ ఎత్తు తగ్గించాలి. ఎత్తు తగ్గిన ఫోర్‌సైట్‌ని గాడిలో సమంగా చూపించాలంటే చెయ్యి బ్యారెల్ మొనని కాస్త పైకి లేపుతుంది. ఎంత తగ్గించాలో కూడా సులువుగా తెలుస్తుంది. రెండు సైట్ల మధ్య దూరాన్ని షాట్ తప్పిన దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించాలి. సైట్ల మధ్య 120 మిల్లీమీటర్లు, తప్పింది 80 మిల్లీమీటర్లు, టార్గెట్ 10,000 మిల్లీమీటర్లు అనుకోండి. 0.96 వస్తుంది, అంటే ఒక మిల్లీమీటరు లోపే. రివాల్వర్ మీద ఆ ఒక్క మిల్లీమీటరు ఎంత పెద్ద సంగతో దీన్నిబట్టే అర్థమవుతుంది.

లెక్క కుదిరినా రోగం సైట్‌లో లేదు. అది పట్టుకున్నది మా మేనమామ. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు చూసుకునే పనిలో, చేసి రిటైరయ్యారు. రేంజ్‌లో నా రివాల్వర్ తీసుకుని, నాకు కనపడకుండా సిలిండర్‌లోని నాలుగు గదుల్లో తూటాలు, రెండింట్లో కాల్చేసిన ఖాళీ కేసులు (తూటా తొడుగులు) పెట్టి, సిలిండర్ తిప్పి మూసి చేతికిచ్చారు. మూడోసారి ట్రిగ్గర్ లాగితే పేలలేదు, క్లిక్ మంది. కానీ బ్యారెల్ మాత్రం చెరువులో కొంగ ముక్కు పెట్టినట్టు ఠక్కున కిందికి, ఎడమకి వంగింది. "చూశావా అబ్బాయ్, అది వంగట్లేదు, నువ్వే వంచుతున్నావు" అన్నారు. పేలుడు వస్తుందన్న టెన్షన్‌తో చెయ్యి ముందే బిగుసుకుపోతోంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో షాట్లు కింద ఎడమ మూలకి పోవడానికి చాలాసార్లు కారణం ఇదే. మీకు పడుతున్న చోటు కూడా అదే, గమనించండి.

రెండు నెలలు ఇంట్లో డ్రిల్ కార్‌ట్రిడ్జులతో (పేలని డమ్మీ తూటాలు), రివాల్వర్‌లో అసలు తూటా ఏదీ లేదని రెండుసార్లు చూసుకుని, రోజూ పావుగంట ట్రిగ్గర్ సాధన చేశాను. చెయ్యి కుదురుకుంది. అప్పుడు రేంజ్‌కి వెళ్తే షాట్లన్నీ చుక్కకి 8 సెంటీమీటర్లు పైన పడ్డాయి! అరిగిన ఇనుము తిరిగి రాదు కదండీ. లైసెన్స్ ఉన్న వేరే గన్‌స్మిత్ పాత ఫోర్‌సైట్ తీసేసి, గాడి చేసి, కొత్త స్టీలు బ్లేడు సిల్వర్ సోల్డర్‌తో అతికారు. కావాలనే అవసరానికి మించి ఎత్తు ఉంచారు. తర్వాత రేంజ్‌లోనే సన్న ఆకురాయితో నాలుగు రుద్దులు, ఐదు షాట్లు, మళ్లీ నాలుగు రుద్దులు. చుక్కకి సెంటీమీటరు కింద ఉండగానే ఆపేశారు. పై అంచు మట్టంగా, కంటివైపు అంచు పదునుగా ఉండేలా చూసుకున్నారు. ఆ అంచు గుండ్రమైపోతే ఎత్తు ఎక్కడిదాకా ఉందో కంటికి ఆనదు.

సైట్ మీదికి పోయేముందు ఇంకో రెండు సంగతులు చూడండి. వెబ్లీ పద్ధతిలో మధ్యకి విరిచి తెరిచే రివాల్వర్ అయితే బ్యాక్‌సైట్ గాడి పైనున్న ల్యాచ్ (గొళ్లెం) మీదే ఉంటుంది. ల్యాచ్ ఆడుతుంటే గాడీ ఆడుతుంది, షాట్లు ఒకచోట పడవు. ల్యాచ్ కింద తుప్పో ఎండిన గ్రీజో ఉండి సరిగ్గా మూసుకోకపోతే అసలు కాల్చనే కూడదు. రెండోది మెరుపు. తోలు హోల్‌స్టర్‌లో రాసుకుని ఫోర్‌సైట్ మొన నలుపు పోయి తెల్లగా మెరుస్తుంది. ఎడమ నుంచి ఎండ పడితే మెరిసే ఎడమ అంచునే మొత్తం సైట్ అనుకుని కన్ను మధ్యకి తెస్తుంది, షాట్ కుడికి పోతుంది. దీనికి కర్పూరం మసి పట్టించడం మంచి మందు. రివాల్వర్ ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టి, కర్పూరం బిళ్ల వెలిగించి పైన ఒక్క క్షణం ఆనిస్తే మొన కాటుకలా నల్లబడుతుంది. పని అయ్యాక తుడిచి నూనె రాయాలి. మన ఉప్పుగాలికి తోలు హోల్‌స్టర్‌లోనే ఉంచి బీరువాలో పెట్టారంటే ఒక్క వానాకాలం చాలు, ఇనుము మీద గుంటలు పడతాయి.

తూటాలు కూడా మారుస్తూ పరీక్షించకండి. బరువైన బుల్లెట్ నెమ్మదిగా బయటికి వస్తుంది, ఈలోపు బ్యారెల్ ఎక్కువ లేస్తుంది, అందుకని దగ్గర దూరంలో కాస్త పైన తగులుతుంది. రోజూ ఏది వాడతారో దానితోనే చూడండి.

చెరువు గట్టు మీద కాల్చి చూద్దామని మాత్రం అనుకోవద్దు. నీటి మీద పడ్డ బుల్లెట్ ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం. అనుమతి ఉన్న రేంజ్‌లోనే చూడాలి. రొయ్యల చెరువుల ఏరేటర్లు బాగుచేసే లేత్ షాపులో చిటికెలో రుద్ది ఇస్తామంటారు, ఇవ్వకండి. ఆయుధం రిపేరు చేసేవాళ్లకి ఆర్మ్స్ యాక్ట్ 1959 సెక్షన్ 5 కింద లైసెన్స్ ఉండి తీరాలి.

ముందు ఊక నింపిన సంచి మీద చేతులు ఆనించి ఐదు షాట్లు కాల్చండి. తర్వాత బాగా కాల్చేవారు ఎవరైనా ఉంటే, మీ ఎదురుగానే, అదే రేంజ్‌లో మీ రివాల్వర్‌తో ఐదు కాల్చమనండి. ఆయనకీ కిందే పడితే అప్పుడు సైట్ మాట. ఖాళీ కేసుల పరీక్ష కూడా చేసి, వెర్నియర్ కాలిపర్‌తో సైట్ల మధ్య దూరం కొలిచి, షాట్లు ఎక్కడెక్కడ పడ్డాయో ఇక్కడే రాయండి. ఎంత తీయాలో లెక్క నేను వేసి చెబుతాను.