జర్మనీ చదువుకు పీఎఫ్ తీయాలా, అప్పు చేయాలా?

ప్రశ్న: నా వయసు 51. ప్రైవేటు సంస్థలో ఉద్యోగం. నెలకు 72 వేలు చేతికొస్తుంది. మా అమ్మాయి బీటెక్ మెకానికల్ పూర్తి చేసింది. జర్మనీలో రెండేళ్ల మాస్టర్స్‌కు రెండు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీట్లు వచ్చాయి. ఒకటి స్టుట్‌గార్ట్‌లో, అక్కడ సెమిస్టరుకు 1,500 యూరోల ఫీజు. రెండోది సాక్సనీ రాష్ట్రంలోని ఒక చిన్న నగరంలో, అక్కడ ట్యూషన్ ఫీజు లేదు. మా దగ్గర 10 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పీఎఫ్‌లో 19 లక్షలు, అప్పు లేని ఫ్లాటు ఉన్నాయి. అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. మొదటి ఏడాదికి 12 లక్షలు చూపిస్తే చాలని, ఆ తర్వాత పార్ట్‌టైమ్ ఉద్యోగంతో అమ్మాయే నెట్టుకొస్తుందని అందరూ అంటున్నారు. అప్పు జోలికి పోకుండా పీఎఫ్‌లోంచి 12 లక్షలు తీసి పంపాలనుకుంటున్నాను. ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: పీఎఫ్ తీయవద్దు. విద్యారుణం తీసుకోండి. అదీ 12 లక్షలకు కాదు, 28 లక్షలకు మంజూరు చేయించుకోండి. కంగారు పడకండి, అంతా వాడమని చెప్పడం లేదు. మంజూరు పెద్దదిగా, వాడకం చిన్నదిగా ఉండాలన్నదే నా సలహా.

ముందు ఆ 12 లక్షల సంగతి చూద్దాం. విద్యార్థి వీసా కోసం జర్మనీ బ్లాక్డ్ ఖాతాలో, అంటే నెలకు ఇంత అని మాత్రమే తీయగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించమంటుంది. 2024 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న మొత్తమిది. నెలకు 992 యూరోలన్నమాట. లెక్క తేలికగా ఉండటానికి యూరో 100 రూపాయలు అనుకుంటే 11.9 లక్షలు. ఇది ఒక మనిషి ఒక ఏడాది పొదుపుగా బతకడానికి అయ్యే కనీస ఖర్చు మాత్రమే. చదువు మొత్తానికి అయ్యే ఖర్చు ఇదేనని మీకు చెప్పినవారు సగం లెక్కే చెప్పారు.

ఈ డబ్బు వెళ్లగానే చేతికి రాదు. అమ్మాయి అక్కడ దిగి, చిరునామా నమోదు చేయించుకుని, బ్యాంకు ఖాతా తెరిచాక నెలనెలా 992 యూరోల చొప్పున విడుదలవుతుంది. కానీ గది దొరికిన రోజే యజమాని డిపాజిట్ అడుగుతాడు. కరెంటు, హీటింగ్ కలపని అద్దెకు మూడు నెలల మొత్తం వరకు అడిగే హక్కు అతనికి చట్టప్రకారం ఉంది. 400 యూరోల గది అయితే డిపాజిట్టే 1,200, దానిపైన మొదటి నెల అద్దె. గది దొరికేదాకా తాత్కాలిక బస, పరుపు, చలికోటు, ఫీజు లేకపోయినా ప్రతి సెమిస్టరుకూ విశ్వవిద్యాలయానికి కట్టే చందా, విమానం టికెట్టు ఉండనే ఉన్నాయి. చిరునామా నమోదైన కొద్ది వారాలకు ప్రసార రుసుము కట్టమని ఇంటికి ఉత్తరం వస్తుంది. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టాల్సిందే. నలుగురు కలిసి ఉంటే పంచుకోవచ్చు. ప్రకటన కాగితం అనుకుని ఆ ఉత్తరాన్ని పక్కన పడేస్తే తర్వాత జరిమానాతో కలిపి కట్టాలి. ఇవన్నీ బ్లాక్డ్ ఖాతాకు బయటి ఖర్చులు. వీటికి 3 లక్షలు విడిగా పెట్టండి. ఇది మీ ఫిక్స్‌డ్ డిపాజిట్లలోంచి రావాలి, ఎందుకంటే అప్పుడు చేతిలో ఉండాల్సింది నగదు.

ఇక అసలు విషయం. రెండేళ్ల కోర్సంటే నాలుగు సెమిస్టర్లు. కానీ ఇంజినీరింగ్ మాస్టర్స్‌లో కంపెనీలో ఇంటర్న్‌షిప్, ఆరు నెలల థీసిస్ కలిసేసరికి అయిదో సెమిస్టరు పట్టడం అక్కడ మామూలు విషయం. ఆ ఆరు నెలలకు 5,952 యూరోలు, దాదాపు 6 లక్షలు అదనం. డబ్బు చాలని విద్యార్థికి ఇది ఆరో సెమిస్టరు దాకా సాగుతుంది. అద్దె కోసం గోదాములో వారానికి 20 గంటలు పనిచేసిన అమ్మాయి పరీక్ష వాయిదా వేసుకుంటుంది. వాయిదా పడిన పరీక్ష వల్ల మరో సెమిస్టరు, దానికి మరో 6 లక్షలు. అప్పు తప్పించుకుందామని మొదలుపెట్టిన ప్రణాళిక ఆఖరికి ఎక్కువ ఖర్చు తెచ్చేది ఇలాగే. నన్ను అడిగితే, జర్మనీ చదువులో అతిపెద్ద ఖర్చు ఫీజూ కాదు, అద్దే కాదు, ఆలస్యం.

అందుకే మొదటి ఏడాది పార్ట్‌టైమ్ ఆదాయాన్ని లెక్కల్లో సున్నాగా వేయండి. నిబంధనల ప్రకారం ఆమె ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. వారానికి పది గంటలు చేస్తే నెలకు 600 యూరోల దాకా వస్తుంది. నెలకు 603 యూరోల లోపు సంపాదన మినీజాబ్ కిందకు వస్తుంది, కోతలు దాదాపు ఉండవు. రెండో ఏడాదికి ఈ పది గంటలు లెక్కలో వేసుకోండి, అంతకు మించి వద్దు. పైగా నివాస అనుమతి పొడిగించుకునేటప్పుడు విదేశీయుల కార్యాలయం మళ్లీ నిధులు చూపించమంటుంది. అప్పుడు చేతిలో మంజూరైన రుణం ఉండటానికీ, ఏమీ లేకపోవడానికీ చాలా తేడా ఉంది.

మొత్తం కూడదాం. రెండేళ్లకు దాదాపు 24 లక్షలు, అయిదో సెమిస్టరుకు 6 లక్షలు, దిగిన కొత్తలో 3 లక్షలు, సెమిస్టరు చందాలకు ఓ లక్ష. మొత్తం 34 లక్షలు. ఇందులో 6 లక్షలు మీ డిపాజిట్లలోంచి, మిగతా 28 రుణం. విదేశీ చదువు రుణాల్లో బ్యాంకులు సాధారణంగా 15 శాతం దాకా మీ వాటా అడుగుతాయి, ఈ 6 లక్షలు దానికీ సరిపోతాయి. డిపాజిట్లలో మిగిలే 4 లక్షలు ఇంటి అత్యవసరాలకు. వాటిని కదపవద్దు.

బ్యాంకు ఒకేసారి 28 లక్షలు చేతిలో పెట్టదు. విడతలుగా విడుదల చేస్తుంది, తీసుకున్నదానికే వడ్డీ వేస్తుంది. మొదటి ఏడాది 12 లక్షలు తప్పదు. రెండో ఏడాది అమ్మాయి 6 లక్షలు సంపాదిస్తే రుణం 6 చాలు. థీసిస్ ఏదైనా కంపెనీలో చేసి కొంత జీతం వస్తే ఆఖరి విడత 3 లక్షలతో సరిపోతుంది. అంటే 21 లక్షలతో గట్టెక్కవచ్చు. పది శాతం వడ్డీకి 20 లక్షల రుణంపై పదేళ్లకు ఈఎంఐ దాదాపు 26,400, పదిహేనేళ్లకు 21,500. ఒకవేళ ఆమె అక్కడ ఉద్యోగం దొరక్క తిరిగి వచ్చినా ఇక్కడి జీతంతో, మీ సాయంతో మోయగలిగిన భారమిది. 28 లక్షలు పూర్తిగా వాడితే పదిహేనేళ్లకు కూడా ఈఎంఐ 30 వేలు దాటుతుంది. అప్పుడు మీ ఇల్లు గడవడం కష్టం. కాబట్టి 21 లక్షల దగ్గర ఒక గీత గీసుకోండి. ఆ గీత దాటేటప్పుడు తండ్రీకూతుళ్లు కూర్చుని మాట్లాడుకోవాలి.

పీఎఫ్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. కాగితం మీద చూస్తే పీఎఫ్ 8.25 శాతం వడ్డీ తెస్తోంది, రుణానికి పది శాతం పోతోంది. పీఎఫ్ తీయడమే లాభం అనిపిస్తుంది. కానీ ఇప్పుడు తీసిన 12 లక్షలు అలాగే ఉంటే, వడ్డీరేటు ఇలాగే కొనసాగితే మీకు 58 ఏళ్లు వచ్చేసరికి దాదాపు 21 లక్షలు అవుతాయి. ఆ వయసులో అంత సొమ్ము మళ్లీ కూడబెట్టలేరు. చదువుకు బ్యాంకు అప్పిస్తుంది, వృద్ధాప్యానికి ఏ బ్యాంకూ ఇవ్వదు. ఈ రుణంలో మొదటి పేరు మీ అమ్మాయిదే. మీరు సహ రుణగ్రహీత. తీర్చేది ప్రధానంగా ఆమె, ఆమె ముందు ముప్ఫై అయిదేళ్ల సంపాదన ఉంది. మీకున్నది ఏడేళ్లు.

ఫ్లాటు తనఖా పెట్టడానికి మీరు వెనకాడుతున్నారని అర్థమవుతోంది. ఆ భయం సహజం. తనఖా లేకుండా ఇచ్చే ప్రైవేటు సంస్థలున్నాయి, కానీ వడ్డీ ఎక్కువ. 20 లక్షల మీద రెండు శాతం తేడా అంటే మొదట్లో ఏడాదికి 40 వేలు. మీ స్థితిలో నేనైతే ప్రభుత్వ రంగ బ్యాంకులో ఫ్లాటు పెట్టి తక్కువ వడ్డీ తీసుకుంటాను. మీరు ఎంచుకునే విశ్వవిద్యాలయంలో చదువుకు తనఖా లేకుండా రుణమిచ్చే పథకం ఉందేమో మాత్రం ముందు అడగండి. అమ్మాయిలకు అర శాతం దాకా రాయితీ ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి, అదీ అడగండి. ఫ్లాటు విలువ కట్టడానికి, లాయరు పత్రాలు చూడటానికి వారాలు పడుతుంది. బ్లాక్డ్ ఖాతాలో సొమ్ము వీసాకు ముందే పడాలి. వీసా రాకముందే ఆ మొత్తం విడుదల చేస్తారా అన్న ఒక్క ప్రశ్నకు బ్యాంకు నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే అక్కడ దరఖాస్తు చేయండి. ఒకవేళ వీసా తిరస్కరిస్తే, ఆ ఉత్తరం చూపి ఖాతా మూసి సొమ్ము వెనక్కి తెచ్చుకోవచ్చు.

చదువు కాలంలో, ఆ తర్వాత ఆరు నెలలో ఏడాదో ఈఎంఐ కట్టక్కర్లేదు, కానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. మొదటి ఏడాది 12 లక్షలకు నెలకు దాదాపు 10 వేలు. అది మీ జీతంలోంచి కట్టేయండి. అలా కడితే వడ్డీలో రాయితీ ఇచ్చే బ్యాంకులున్నాయి. సీటు పత్రంలో కోర్సు రెండేళ్లే అని ఉంటుంది కాబట్టి, అయిదో సెమిస్టరు తప్పదని తెలియగానే విశ్వవిద్యాలయం ఉత్తరంతో బ్యాంకుకు రాసి గడువు పొడిగించుకోవాలి. లేకపోతే అమ్మాయి థీసిస్ రాస్తుండగానే ఈఎంఐ మొదలవుతుంది.

పన్నుల గురించి ఎక్కువ ఆలోచించవద్దు. విద్యారుణ వడ్డీపై సెక్షన్ 80ఇ పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. మీ జీతానికి కొత్త విధానంలో పన్నే ఉండదు. విదేశానికి సొమ్ము పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, టీసీఎస్, కూడా మీకు తగలదు. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు విద్యారుణంతో పంపే సొమ్ముకు అది లేదు, సొంత డబ్బుకైతే ఏడాదికి 10 లక్షలు దాటితేనే.

సీటు ఏది ఎంచుకోవాలని మీరు సూటిగా అడగలేదు గానీ, డబ్బు తేడా అక్కడే ఎక్కువ. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం యూరప్ సమాఖ్య బయటి విద్యార్థుల నుంచి 2017 నుంచి ఈ ఫీజు తీసుకుంటోంది. అయిదు సెమిస్టర్లకు 7,500 యూరోలు. గది అద్దె నెలకు 175 యూరోలు ఎక్కువ వేసుకున్నా మరో 5,250. మొత్తం 12 లక్షల పైమాటే. మెర్సిడెస్, పోర్షే, బాష్ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి నిజమే. కానీ బాష్ ఒక్కటే 2025 సెప్టెంబరులో 13 వేల ఉద్యోగాల కోత ప్రకటించింది. పక్కనే ఉన్నంత మాత్రాన ఉద్యోగం వస్తుందని 12 లక్షలు పెట్టలేం. సాక్సనీలో చదువుతూ ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు స్టుట్‌గార్ట్ వెళ్లవచ్చు, దాన్ని ఎవరూ ఆపరు. కోర్సులో చెప్పే విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేకపోతే నా ఓటు సాక్సనీకే. నేను పైన వేసిన 34 లక్షల లెక్క కూడా దానికే.

మిగిలిన తేడాలో ఒక చిన్న భాగం జర్మన్ భాష మీద పెట్టండి. మెకానికల్ రంగంలో చాలా ఉద్యోగాలు మధ్యస్థాయి కంపెనీల్లో ఉంటాయి. అక్కడ వర్క్‌షాపులో, సమావేశాల్లో నడిచేది జర్మనే. బయలుదేరేలోగా బీ1 అనే మధ్యస్థాయికి చేరితే రెండో ఏడాదిలో గోదాము పని కాకుండా తన చదువుకు సంబంధించిన పని దొరికే అవకాశం పెరుగుతుంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇస్తారు. ఆ గడువును భాష నేర్చుకోవడానికే ఖర్చు చేసుకోకూడదు.

మీరు సహ రుణగ్రహీత, ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. రుణం చేతికి రాకముందే 50 లక్షల టర్మ్ బీమా తీసుకోండి. బ్యాంకు రుణంతో కలిపి, ప్రీమియం అంతా ఒకేసారి కట్టే బీమా పాలసీ అంటగట్టవచ్చు. ఆ ప్రీమియాన్నీ రుణంలో కలిపితే దానికీ పదేళ్లు వడ్డీ కడతారు. విడిగా టర్మ్ పాలసీ తెస్తామని చెప్పండి.

అబ్బాయి బీటెక్‌కు చేరేది ఇదే సమయంలో. మీ జీతంలో అక్క రుణ వడ్డీకి పోయే 10 వేలు పోను, నెలకు మరో 10 వేలు వాడి పేరున ఈ నెల నుంచే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. అమ్మాయి ఉద్యోగంలో చేరిన నెల నుంచి ఈఎంఐ ఆమె ఖాతా నుంచే కట్టుకోవాలని ఇప్పుడే, వీసా కాగితాలు సర్దుకుంటుండగానే, ఇద్దరూ మాట్లాడుకోండి.