బోరు పాయింటుకి రెసిస్టివిటీ సర్వే: 300 గజాల స్థలంలో ఎంతవరకు నమ్మొచ్చు?

విశాఖ పక్కన ఆనందపురం దగ్గర 300 గజాల స్థలంలో పావుగంట రెసిస్టివిటీ మిషన్ (నేల కరెంటుని ఎంత అడ్డుకుంటుందో కొలిచేది) పెట్టి "180 అడుగుల్లో నీళ్లు" అని రాసిచ్చారు, నమ్మొచ్చా అని కదా మీ ప్రశ్న. నమ్మకండి. మిషన్ మంచిదే కావచ్చు, కానీ అంత లోతు చూడ్డానికి కావలసిన తీగ మీ స్థలంలో పట్టదు.

ఒకే గీత మీద నాలుగు మేకులు దిగ్గొడతారు. బయటి ఏ, బీ మేకుల నుంచి కరెంటు పంపి, లోపలి ఎం, ఎన్ మేకుల మధ్య వోల్టేజీ చూస్తారు. ఏ, బీల మధ్య దూరం ఏబీ, ఎం, ఎన్‌ల మధ్య దూరం ఎంఎన్. ఏబీ పెంచేకొద్దీ కరెంటు లోతుకి దిగుతుంది. తెలిసే లోతు సుమారుగా ఏబీలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు. 180 అడుగులంటే 55 మీటర్లు, అంటే ఏబీ 200 మీటర్లయినా ఉండాలి. పాయింటు మీ స్థలంలోనే ఉంచి, తీగలు వీధి వెంట చెరో 100 మీటర్లు లాగాలి. గీత పక్కనే మునిసిపల్ ఇనుప పైపు, ఫెన్సింగ్, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్ ఉంటే రీడింగు చెడుతుంది, దారి మార్చుకోవాల్సిందే.

లెక్క ఎలా వేస్తారంటే, ఏబీలో సగం (ఏబీ/2) 50 మీటర్లు, ఎంఎన్ 10 మీటర్లు అనుకోండి. ఈ దూరాలకి గుణకం 3.14 × (50² − 5²) ÷ 10, అంటే 777. 200 మిల్లీ ఆంపియర్లకి 20 మిల్లీ వోల్టులు వస్తే నిరోధం 0.1 ఓమ్, దాన్ని గుణకంతో హెచ్చిస్తే రెసిస్టివిటీ 78 ఓమ్-మీటర్లు. ఎంఎన్ మార్చిన చోట రెండు ఏబీ దూరాలకి పాత, కొత్త ఎంఎన్‌లతో రెండేసి సార్లు కొలవాలి. వేసవిలో ఎర్రమట్టి ఎండిపోయి కరెంటు దిగదు, మేకుల చుట్టూ ఉప్పునీళ్లు పోయాలి. ఇది మానేసి తీసిన రీడింగులు ఊగుతుంటాయి.

అసలు చిక్కు మన కొండరాయితో. ఖోండలైట్ అనే ఈ రాయి కుళ్లితే తెల్ల సుద్ద అవుతుంది. సుద్ద తడి పట్టుకుంటుంది గానీ వదలదు, కాబట్టి తడి వల్ల రెసిస్టివిటీ అంకె తక్కువ వచ్చినంత మాత్రాన నీళ్లున్నట్టు కాదు. బోరు వేశాక కూలేదీ ఆ పొరే, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే గొట్టం) గట్టి రాయి మీద కూర్చోకపోతే మోటారు మట్టిలో పోతుంది. భీమిలి, రుషికొండ తీరాన 5 ఓమ్-మీటర్ల లోపు వస్తే సుద్దా, ఉప్పునీరా అనేది కర్వ్ (రీడింగులతో గీసిన గ్రాఫు) చెప్పలేదు. పక్క బావి నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాలు) చూడండి, లీటరుకి 2000 మిల్లీగ్రాములు దాటితే ఆ పాయింటు వదిలేయడమే నయం.

60 మీటర్ల కింద గట్టి రాయిలో నీళ్లు పారే అర మీటరు గ్యాప్ (పగులు) ఉన్నా ఈ సర్వేకి అందదు. కుళ్లిన పొర మందం, రాయి మొదలయ్యే లోతు మాత్రం బాగానే తెలుస్తాయి. అందుకే "ఇన్ని అడుగుల్లో ఇన్ని ఇంచుల నీళ్లు" అనే మాట కొబ్బరికాయ పట్టుకుని చెప్పినా, మీటర్ పట్టుకుని చెప్పినా ఒకటే.

డబ్బులిచ్చే ముందు రీడింగుల కాగితం అడగండి: ప్రతి ఏబీ/2కి ఎంఎన్, కరెంటు, వోల్టేజీ ఉండాలి, వరసలు 15కి తగ్గకూడదు. అనుమానముంటే అదే పాయింటు దగ్గర గీతని అడ్డంగా తిప్పి మళ్లీ తీయించండి. రెండు కర్వ్‌లూ బాగా తేడాగా వస్తే కింద పొరలు ఏటవాలుగా ఉన్నాయనో, పక్కనే పైపు ఉందనో అర్థం. అప్పుడు రాసిచ్చిన లోతు చెల్లదు.