డెబ్బై దాటిన పెద్దవాళ్లు ట్యూనా వేటను తట్టుకోగలరా?

డెబ్బై దాటిన మీ నాన్నగారినీ, ఊరి నుంచి వస్తున్న ఆయన స్నేహితులిద్దరినీ నడిసముద్రంలో ట్యూనా వేటకు తీసుకెళ్లొచ్చా అని అడిగారు. ఆ వయసు అతిథులను పడవ మీద చాలాకాలంగా దగ్గరుండి చూసుకుంటున్నాను. నిశ్చింతగా తీసుకెళ్లండి. కాకపోతే రాడ్ (గాలపు కర్ర) ఎప్పుడు చేతులు మారాలో ఒడ్డు మీదే తేల్చుకోండి.

చేప పడ్డాక ఏ పెద్దాయనా "ఇక నావల్ల కాదు" అనరు, స్నేహితుల ముందు అసలే అనరు. అందుకే బయల్దేరే ముందే చెప్పేస్తాను: "పది నిమిషాలకోసారి వంతు మారుతుందండీ, అందరూ లాగాల్సిందే." అప్పుడు రాడ్ ఇచ్చేయడం ఎవరికీ ఓటమిలా అనిపించదు. చేపల వేట రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్ఏ నిబంధనల ప్రకారం, చేపతో పోరాడుతుండగా ఇంకొకరు రాడ్ ముట్టుకుంటే అది రికార్డుకు పనికిరాదు. రికార్డు ఆశ లేనివాళ్లకు ఆ బెంగే అక్కర్లేదు.

పెద్దాయన కదా అని డ్రాగ్‌ను, అంటే గాలపు తాడు (లైను) చుట్టే రీలులోని బ్రేకును, మరీ వదులు చేస్తుంటారు. అది మేలు కాదు. చేప లైను లాక్కుంటూ పోతుంది, ఇరవై నిమిషాల్లో అయ్యేది గంట దాటుతుంది, అలిసిపోయేది మనిషే. పైగా ఎక్కువసేపు పెనుగులాడిన ట్యూనా ఒళ్లు వేడెక్కి మాంసం కూడా పాడవుతుంది. లైను తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా డ్రాగ్ పెట్టండి. 80 పౌండ్ల లైనుకు 20 పౌండ్లు చాలు. భారం చేతుల మీద కాకుండా నడుం, తొడల మీద పడేలా బెల్టు, హార్నెస్ ఒడ్డునే కట్టి సరిచూడండి. రెండు గేర్ల రీలు ఉంటే ఇంకా మంచిది.

అసలు కష్టం చివర్లోనే. ట్యూనా పడవ కింద గుండ్రంగా తిరుగుతుంది. మనకు దూరంగా తిరిగినప్పుడు రాడ్ కొన వంగి వణుకుతుంది, అప్పుడు ఊరికే పట్టుకుని ఉండాలి. ఇటు తిరగ్గానే లైను కాస్త వదులవుతుంది, అదే అదను, రెండు మూడు చుట్లు చుట్టేయాలి. ఈ లయ చెబితే పెద్దవాళ్లే బాగా పడతారు. కుర్రాళ్లు అదను చూడకుండా బలంతో గుంజుతారు.

ఆ సమయంలో నేను చేప వైపు కన్నా మనిషి వైపే చూస్తాను. మధ్యమధ్యలో ఏదో ఒకటి అడుగుతాను. పూర్తి వాక్యంలో జవాబొస్తే సరే. ఒక్క మాటతో ఆగిపోయినా, పెదాలు పాలిపోయినా రాడ్ తీసేసుకుంటాను. ఛాతీలో బిగువు, దవడ నొప్పి అంటే వేట అక్కడితో ఆపేసి, రేడియోలో సాయం అడుగుతూ పడవ తిప్పేయాల్సిందే.

మందుల సంగతి డాక్టరుతో ముందే మాట్లాడండి. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు కొన్ని మగతనిస్తాయి. చెవి వెనక అంటించే పట్టీ వల్ల ఈ వయసులో కొందరు అయోమయంలో పడతారు, కొందరికి మూత్రం బిగుస్తుంది. రక్తం పలచబడే మందు వాడేవాళ్లను గాలాల జోలికి, గాఫ్ (చేపను పైకి లాగే కొక్కెం కర్ర) వేసే చోటికి రానివ్వకండి. చిన్న గాటు పడినా రక్తం ఓ పట్టాన ఆగదు.

ఇంకొకటి, పడవలో టాయిలెట్‌కు వెళ్లడం ఇబ్బందని చాలామంది పెద్దవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు, ఆ మాట పైకి చెప్పరు. ఎక్కగానే టాయిలెట్ ఎక్కడుందో, ఏ కడ్డీ పట్టుకుని వెళ్లాలో చూపించండి. ఆ తర్వాత వాళ్లే నీళ్లు అడిగి తాగుతారు.